ఇంట్లోనే ఉండే అమ్మకు ఏడాదికి 324 పనిదినాలు

2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కపెట్టడానికి కొండకావూరులోనూ, యల్లమందలోనూ, నరసరావుపేట వీధుల్లోనూ ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడుగుతారు. చాలామంది ఆడవాళ్ళు "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటారు. 2011 జనగణనలో తమ ముఖ్యమైన వ్యాపకం ఇంటిపనేనని చెప్పిన ఆడవాళ్ళు దేశం మొత్తమ్మీద దాదాపు 15 కోట్ల 98 లక్షల మంది. అదే మాట చెప్పిన మగవాళ్ళు 57 లక్షల 90 వేల మంది. అంటే అలాంటి మగమనిషి ఒక్కడుంటే ఆడవాళ్ళు 27 మంది పైనే ఉన్నారు. జనగణన పట్టికలో వీళ్ళందరి పేర్లూ 'పని చేయనివారు' అనే గడిలోకి వెళ్ళాయి.

ఆ గడిలోని మనిషి రోజుకు ఎంత పని చేస్తుందో ప్రభుత్వమే వేరేచోట కొలిచి పెట్టింది. ఆ అంకెలు దేశం స్థాయిలో ఉంటాయి గనుక పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాం. వాటిని కోటప్పకొండ కింద నలుగురున్న ఓ ఇంటి కొలతకు దించి చూద్దాం. ముందు నిమిషాల్లో, ఆ తరవాత కిలోల్లో, రూపాయల్లో, చివరికి ఆమె కంచంలో.

కేంద్ర గణాంక శాఖ కాల వినియోగ సర్వే అని ఒకటి చేస్తుంది. మనిషి తన రోజును దేనికెంత ఖర్చు పెడుతున్నాడో కొలవడమే దాని పని. మొదట 2019లో, మళ్ళీ 2024లో దేశమంతటా చేశారు. రెండోసారి 1,39,487 ఇళ్ళకు వెళ్ళి, ఆరేళ్ళు దాటిన 4,54,192 మందిని అడిగారు. నిన్న తెల్లవారుజాము 4 గంటల నుంచి ఈ రోజు తెల్లవారుజాము 4 గంటల దాకా, అరగంటకొక గడి చొప్పున ఏమేం చేశారో రాసుకున్నారు. లెక్క నాలుగింటికి మొదలవుతుంది గనుక కల్లాపి చల్లి ముగ్గేసే వేళ కూడా ఇందులోకి వస్తుంది.

జీతం లేని ఇంటిపని అంటే వంట, అంట్లు, బట్టలు, ఊడవడం, సరుకులు తేవడం లాంటివి. ఈ పని చేసిన ఆడమనిషికి 2024లో రోజుకు సగటున 289 నిమిషాలు పట్టింది. ఇది 4 గంటల 49 నిమిషాలు. చేసిన మగమనిషికి పట్టింది 88 నిమిషాలు. ఏడాది మీద ఆడమనిషివి 1,758 గంటలు అవుతాయి. రోజుకు 8 గంటల డ్యూటీ అనుకుంటే 220 పనిదినాలు. మగమనిషివి 67.

'పని చేసిన మగమనిషికి' అన్నచోట కాస్త ఆగాలి. 88 నిమిషాలంటే ఫరవాలేదే, గంటన్నర సాయం చేస్తున్నారుగా అనిపిస్తుంది. కానీ ఆ సగటు ఆ రోజు ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ళది మాత్రమే. 2019 లెక్కలో 100 మంది ఆడవాళ్ళలో 81 మంది ఇంటిపని చేస్తే, 100 మంది మగవాళ్ళలో చేసినవాళ్ళు 26 మందే. ఆ 26 మంది తలా 97 నిమిషాలు చేశారు. ఆ మొత్తాన్ని 100 మందికీ పంచితే మనిషికి వచ్చేది 25 నిమిషాలు. ఆడవాళ్ళ పనినీ అలాగే పంచితే 243 నిమిషాలు వస్తాయి. ఆమె రోజంతా చేసే పనికి ఇంట్లో మగమనిషి వంతు పదోవంతు.

పిల్లలు, ముసలివాళ్ళు, జబ్బున పడ్డవాళ్ళ సంరక్షణను సర్వే వేరే పద్దు కింద రాసింది. ఆ పని ఉన్న ఆడవాళ్ళకు 2024లో అది రోజుకు 137 నిమిషాలు, మగవాళ్ళకు 75. పిల్లల్లేని ఇంట్లో ఈ పద్దు ఉండకపోవచ్చు గనుక రెండు సగటులనూ అందరికీ కలిపి లెక్కగట్టడం సరికాదు. బడికెళ్ళే పిల్లలో, మంచంపట్టిన అత్తగారో ఉన్న ఇంట్లో మాత్రం రెండు పనులూ ఒక్కరివే. ఆ ఇల్లాలికి 289కి 137 కలుపుకుంటే 426 నిమిషాలు, అంటే 7 గంటల 6 నిమిషాలు. ఏడాదికి 2,591 గంటలు. 8 గంటల డ్యూటీ లెక్కన 324 పనిదినాలు. ఆదివారాలూ పండగలూ సెలవిచ్చే ఏ ఆఫీసులోనూ ఏడాదికి అన్ని పనిదినాలుండవు.

గ్యాసు పొయ్యి, మిక్సీ, గ్రైండర్ వచ్చాయి కదా, ఇంకా అంత పని ఎక్కడిది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019లో 299 ఉన్న ఆడవాళ్ళ ఇంటిపని 2024కి 289 అయింది. అయిదేళ్ళలో రోజుకు తగ్గింది 10 నిమిషాలు. యంత్రం రుబ్బుతుంది, ఉతుకుతుంది. పప్పు నానబెట్టేదీ, గిన్నె కడిగేదీ, తడిబట్టలు దండెం మీద ఆరేసేదీ మనిషే. మిక్సీ వచ్చాక పొద్దున టిఫిన్‌కు ఒకటికి రెండు పచ్చళ్ళు అడగడం కూడా మొదలైంది.

కొలతకు చిక్కనివీ ఉన్నాయి. సర్వేలో ఒక గడిలో పది నిమిషాలకు తగ్గని పనులనే రాసుకుంటారు. ఎవరో వస్తే కాఫీ కలిపివ్వడం, పాలు పొంగకుండా చూడటం, బడికి బయల్దేరిన పిల్లాడి చొక్కా గుండీ కుట్టడం జారిపోతాయి. రేపటికి పిండి ఉందా, సిలిండర్ బుక్ చేశానా, పిల్లకు టీకా ఎప్పుడు, మామయ్యగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి అని తలలో తిరిగే జాబితాకు గడే లేదు. కాబట్టి 426 నిమిషాలను తక్కువ అంచనాగానే తీసుకోవాలని నా అభిప్రాయం.

ఏడాది సగటులో పండగరోజు కూడా కనపడదు. మహాశివరాత్రి తిరునాళ్ళకు కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళ నుంచి ఎనభై తొంభై అడుగుల ప్రభలు కరెంటు దీపాలతో కదిలి కొండ కిందికి వస్తాయి. వాటిని చూడటానికి చుట్టాలంతా దిగుతారు. ఆ రోజు ఇంట్లో రెండు వంటలు. ఉపవాసం ఉన్నవాళ్ళకు ఫలహారం, ఉండలేని పిల్లలకూ పెద్దలకూ అన్నం. వండే మనిషి తాను ఉపవాసముండే వండుతుంది. పల్నాడులో మిరపకోతలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే. పొద్దున చేలోకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ఆడమనిషికి ఇంటిపని తగ్గదు, చీకటితోనే మొదలై మళ్ళీ రాత్రికి సాగుతుంది.

ఇక కిలోలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2,000 కేలరీలు, అంటే అంత శక్తి కావలసిన పెద్ద మనిషికి ఒక కంచం లెక్క చెప్పింది. బియ్యం, జొన్న లాంటి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వుల లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు. అన్నీ కలిపితే సుమారు 1,200 గ్రాములు. పిల్లలకు కొంచెం తగ్గుతుందనుకోండి, లెక్క తేలిక కోసం నలుగురినీ పెద్దవాళ్ళుగానే తీసుకుందాం. ఇంటికి రోజుకు 4 కిలోల 800 గ్రాములు. ఏడాదికి 17 క్వింటాళ్ళ 50 కిలోలు. గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. నలభై కిలోల టిక్కీలు నలభై మూడు దాటుతాయి. అంత సరుకును కొనడం, ఏరడం, కడగడం, తరగడం, ఉడికించడం, వడ్డించడం, మిగిలింది పాడవకుండా చూడటం ఒక మనిషి చేతుల మీదుగా జరుగుతోంది. బజారు నుంచి సంచి మోసుకొచ్చేది ఇంకొకరే అయినా మిగతా పని మారదు.

ఈ కంచం లెక్కతో సొంత వంటింటిని సరిచూసుకోవచ్చు. నూనె మనిషికి 27 గ్రాములైతే నలుగురికి నెలకు 3 కిలోల 240 గ్రాములు. లీటరు నూనె బరువు కిలోకు కాస్త తక్కువ గనుక మూడున్నర లీటర్ల పైన. మీ ఇంటికి నెలకు అయిదారు ప్యాకెట్లు వస్తుంటే తిరగమోతలో ఎంత పోతోందో, వేపుళ్ళలో ఎంత పోతోందో చూసుకోవాలి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దన్నారు. నలుగురికి 20. ఆ లెక్కన కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. చాలా ఇళ్ళలో నెల కూడా రాదు. పైగా మనది పచ్చళ్ళ సీమ. ఆవకాయ, గోంగూర, పండుమిరపకాయ జాడీల్లో పోసిన ఉప్పు ఈ ప్యాకెట్ లెక్కలోకి రాదు, వేసవిలోనే వేరేగా కొనేశాం. పచ్చడి మానెయ్యమని చెప్పడం నా వల్ల కాదు. పచ్చడి ఉన్న పూట కూరలో, చారులో ఉప్పు తగ్గించడం మాత్రం చేతిలో పనే.

రూపాయల దగ్గరికి వద్దాం. అమ్మ పనికి వెల కట్టడమేమిటని కొందరికి మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ ప్రమాదంలో తల్లి పోయిన ఇంట్లో పిల్లలకు ఎంత పరిహారం ఇవ్వాలనే ప్రశ్న వచ్చినప్పుడు ఎవరో ఒకరు వెల కట్టే తీరాలి. కట్టకపోతే అది సున్నా అవుతుంది, ఆ సున్నా పిల్లల నెత్తిన పడుతుంది.

మొదట మన చేతి లెక్క. 2025-26లో ఉపాధి హామీ కింద ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 307 రూపాయలు. మట్టిపనికి ప్రభుత్వం ఇచ్చిన ధర అది. ఇంటిపని ఒక్కటే 220 పనిదినాలకు 67,540 రూపాయలు. సంరక్షణ పని కూడా కలిస్తే 324 దినాలకు 99,468. అంటే నెలకు సుమారు 8,290 రూపాయలు. ఇంతేనా అనిపిస్తే, ఇది పార పనికి ఇచ్చే కనీస ధర అని గుర్తుంచుకోండి. వంటమనిషి, ఆయా, రోగి దగ్గర ఉండే మనిషి, పిల్లలకు చదువు చెప్పే మనిషి, ఇలా విడివిడిగా పెట్టుకుంటే నరసరావుపేటలో ఎంత అడుగుతారో మీరే విచారించుకోవచ్చు.

కోర్టులు ఈ లెక్కకు మెల్లగా వచ్చాయి. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ళ మధ్య గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. అంటే రోజుకు 100. అప్పటికి మోటారు వాహనాల చట్టంలో ఇంకో పద్ధతి ఉంది. సంపాదన లేని భార్యకో భర్తకో, సంపాదించే జీవిత భాగస్వామి ఆదాయంలో మూడోవంతును ఆదాయంగా అనుకోవాలి. ఆ ప్రకారం భర్త నెలకు 15,000 తెస్తే ఆమె పని 5,000, భర్త 60,000 తెస్తే 20,000. రెండిళ్ళలోనూ ఉడికింది అదే పప్పు, తోమింది అవే అంట్లు. ఇల్లాలి పనిని జనగణన చూసే తీరును 2010లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది.

2021 జనవరి 5న వచ్చిన తీర్పు మనవాళ్ళందరూ తెలుసుకోదగ్గది. ఢిల్లీలో 2014లో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోయారు. చిన్న ఆడపిల్లలు ఇద్దరు మిగిలారు. ధర్మాసనంలో అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వచ్చిన జస్టిస్ ఎన్.వి. రమణ, తరవాత 2023లో మన రాష్ట్ర గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ సూర్యకాంత్ ఉన్నారు. పరిహారాన్ని 22 లక్షల నుంచి 33 లక్షల 20 వేలకు పెంచారు. జస్టిస్ రమణ విడిగా రాసిన అభిప్రాయంలో పైన చెప్పుకున్న 15 కోట్ల 98 లక్షల అంకె, 299 నిమిషాలు, 97 నిమిషాలు అన్నీ ఉన్నాయి. ఇంటిపనికి వెల కట్టే మూడు దారులనూ ఆయన వివరించారు. ఆమె బయట ఉద్యోగం చేసి ఉంటే ఎంత వచ్చేదో చూడటం ఒకటి. కాపురాన్ని సమాన భాగస్వామ్యంగా ఎంచి భర్త ఆదాయంలో సగం తీసుకోవడం రెండోది. ఆమె బదులు మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో చూడటం మూడోది. ఉద్యోగికి ముందుముందు జీతం పెరుగుతుందని పరిహారంలో కొంత మొత్తం కలుపుతారు కదా, గృహిణికీ అలా కలపాల్సిందేనని అన్నారు. కాబట్టి ఏ ఇంట్లోనైనా అలాంటి కష్టం వస్తే, "ఆవిడ ఏమీ చేసేది కాదు" అని కాగితం మీద రాయించకండి. ఆమె చేసిన పనులన్నీ వివరంగా రాయించండి.

ఆస్తి సంగతి కూడా కోర్టు దాకా వెళ్ళింది. భర్త సౌదీలో ఏళ్ళ తరబడి పనిచేసి డబ్బు పంపితే, భార్య ఇక్కడ పిల్లల్ని పెంచి ఇల్లు నడిపిన ఒక కేసులో మద్రాసు హైకోర్టు 2023 జూన్‌లో తీర్పిచ్చింది. కొన్న ఆస్తుల్లో ఆమెకూ సగం వాటా ఉందంది. ఆమె ఇల్లు చూసుకోవడం వల్లే ఆయన నిశ్చింతగా సంపాదించగలిగాడని కోర్టు తర్కం. గల్ఫ్‌లో మగదిక్కు ఉన్న తెలుగు కుటుంబాలు మనకు తెలిసినవే ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఈ తీర్పు గురించి మాట్లాడుకోవాలి.

మరి దేశం ఆదాయంలో ఈ పని ఎక్కడుంది? జీడీపీ అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకులూ సేవల మొత్తం విలువ. దాని నియమం ఇలా ఉంటుంది. ఇంట్లో గేదె పాలు పితికి ఇంట్లోనే తాగినా ఆ పాల విలువ లెక్కలోకి వస్తుంది. ఆ పాలు కాచి, తోడేసి, పెరుగన్నం కలిపి పిల్లాడికి పెట్టిన పని రాదు. మన కోటప్పకొండ కథలో ఆనందవల్లి ఉంది. కొండకావూరు నుంచి రోజూ పైకెక్కి జంగమదేవరకు పాలు పోసిన గొల్లభామ. నిండు నెలల్లో ఇక ఎక్కలేను, నువ్వే కిందికి రా స్వామీ అని ప్రార్థించింది. వెనక్కి తిరిగి చూడకుండా నడువు, నీ వెంట వస్తానన్నాడు. దారిలో ఆమె వెనక్కి తిరగడంతో స్వామి అక్కడే ఆగిపోయాడు, ఇప్పటి గుడి అక్కడే వెలసింది. ఆమె మోసిన పాలకు నేటి లెక్కల్లో చోటుంది. ఆ కడుపుతో కొండెక్కి చేసిన సేవకు లేదు. స్వామి మాత్రం ఆమె శ్రమను లెక్కలోకి తీసుకునే దిగి వచ్చాడని నేను నమ్ముతాను.

లెక్కలోకి తెస్తే ఎంతవుతుందో స్టేట్ బ్యాంక్ ఆర్థిక పరిశోధన విభాగం 2023 మార్చిలో అంచనా వేసింది. ఆడవాళ్ళ జీతంలేని పని విలువ సుమారు 22 లక్షల 70 వేల కోట్ల రూపాయలు, జీడీపీలో దాదాపు 7.5 శాతం. దేశం 100 రూపాయలు సంపాదించిందనుకుంటే దాని పక్కన లెక్క రాయని ఏడున్నర రూపాయలున్నట్టు.

ఇన్ని లెక్కల్లో నాకు ఎక్కువ దిగులు పుట్టించేది మిల్లీగ్రాముల్లో ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ వీధిలో పదిమందిని నిలబెడితే దాదాపు ఆరుగురు. దేశం మొత్తమ్మీద ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 25 శాతం. ఏడాదికి 17 క్వింటాళ్ళ ఆహారం ఎవరి చేతుల మీదుగా వెళుతోందో ఆ మనిషికే రక్తం చాలడం లేదు.

కారణం కొంత ఒంటిది, కొంత పంక్తిది. నెలసరి వల్ల ఆడమనిషికి ఇనుము ఎక్కువ కావాలి. పోషకాహార సంస్థ లెక్కలో మగమనిషికి రోజుకు 19 మిల్లీగ్రాములైతే ఆడమనిషికి 29. ఒకటిన్నర రెట్లు. వడ్డన మాత్రం తలకిందులుగా సాగుతుంది. పిల్లలు, మగవాళ్ళు, అత్తామామలు తిన్నాక ఆమె కూర్చునేసరికి గిన్నెలో అన్నం ఉంటుంది, పప్పు అడుగంటి ఉంటుంది, ఆకుకూర అయిపోయి ఉంటుంది. పచ్చడి వేసుకుని ముగిస్తుంది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, 0.65 మాత్రమే. అదే కందిపప్పులో 3.9, జొన్నల్లో సుమారు 4, సజ్జల్లో 6.4. అన్నంతో కడుపు నిండినా ఇనుము చేరదు. పలనాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. ఇనుము లెక్కలో ఆ కూడు బియ్యానికి ఆరు రెట్లు.

కాబట్టి వడ్డన మొదలుకాకముందే ఆమె వాటా పప్పు, ఆకుకూర పక్కకు తీసి ఉంచాలి. మిగిలితే తినడం కుదరదు. 85 గ్రాముల పప్పు అంటే ఉడికాక పెద్ద గిన్నెడు అవుతుంది. పూటలో ఒకటి జొన్నరొట్టో, సజ్జ రొట్టో ఉంటే మంచిది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి ఇనుము బాగా పడుతుంది. భోజనానికి ముందు గంట, తరవాత గంట టీ, కాఫీ వద్దు, అవి ఇనుమును పట్టనివ్వవు. అందరూ ఒకేసారి కూర్చుంటే ఈ జాగ్రత్తలో సగం అవసరమే ఉండదు. అలా కూర్చోవాలంటే వడ్డించే పని, తిన్నాక అంట్లు తీసే పని ఇంకొకరు పంచుకోవాలి.

పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్తే వేలి మీద చుక్క రక్తంతో హిమోగ్లోబిన్ చూస్తారు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం అది. గర్భం లేని ఆడవాళ్ళకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. తగ్గితే తిండి మార్చుకోవడంతో ఆగకుండా డాక్టరు చెప్పిన మాత్రలు వాడాలి. నీరసంగా ఉందని ఇంట్లో ఆమె ఎన్నిసార్లు అన్నా పని ఎక్కువై అనుకుని వదిలేస్తుంటాం. ఈ నెలలోనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి చూపించండి.